పోసిన మన్ను

3 మే 2024

ఎండ మండిపోతోంది. ఆఫీసులో కూలర్ నీళ్ళు చిమ్ముతోందే తప్ప చల్లబరచడం లేదు. సాయంత్రం కొత్త పార్టీ వచ్చాడు. పేరు వీరేందర్. నేలను పైనుంచి తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. కమాన్‌పూర్ రోడ్డులో జాగా ఉందట, ఒక అంతస్తు ఇల్లు కట్టుకోవాలట. ఇంట్లో తల్లి, తను. కూతురు వరంగల్ హాస్టల్లో. భార్య పోయి మూడేళ్ళు దాటింది.

నా దగ్గరికి ఇంటి డిజైన్ కోసం వచ్చేవాళ్ళు వాస్తు పండితుడు గీసిన కాగితం పట్టుకుని వస్తారు. మెట్లు ఎటు, మరుగుదొడ్డి ఎటు అని గంటసేపు నాతో దెబ్బలాడి, లేచి వెళ్తూ వెళ్తూ "పునాది మామూలుగనే కదా మేడం" అంటారు. ఇతను పాలిథిన్ సంచీలో మట్టి తెచ్చాడు.

"ముందుగాల మన్ను సూడుండ్రి మేడం. ఇల్లు ముచ్చట తర్వాత."

ఎర్రమట్టి, మధ్యమధ్య తెల్లటి సున్నపు గుండ్లు. సంచీలో మట్టిని చూసి ఏమీ చెప్పలేమని, జాగాలో బోరు దింపి, ఎంత లోతులో నేల ఎంత గట్టిగా ఉందో కొలవాలని చెప్పాను. "గట్లనా" అని సంచీకి మళ్ళీ ముడి వేసి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. గుమ్మం పక్కనే చెత్తబుట్ట ఉంది. అందులో వేయలేదు.

5 మే

ప్రతివాడూ పునాది మీద ఉపన్యాసం ఇస్తాడు. జీవితానికి పునాది, కాపురానికి పునాది, దేశానికి పునాది. ఒక్కడూ గుంతలోకి దిగి చూడడు. ఈ డైరీలో పునాదిని పునాదిగానే రాస్తానని ఒట్టు పెట్టుకుంటున్నాను.

12 మే

కమాన్‌పూర్ రోడ్డు జాగా చూసొచ్చాను. రోడ్డుకు కాస్త ఎత్తులో, చదునుగా ఉంది. పక్క ప్లాట్లన్నీ ఖాళీ. దూరంగా గని లోంచి తవ్విపోసిన మట్టి కొండ. ఆ కొండ నా చిన్నప్పుడు లేదు.

వీరేందర్ తల్లి లస్మవ్వ గొడుగు పట్టుకుని మాకంటే ముందే వచ్చి కూర్చుంది. ఈశాన్యం మూల మోకాలి లోతు గుంత తవ్వించి, అదే మట్టితో మళ్ళీ పూడ్పించిందట. గుంత నిండగా ఇంకా మిగిలిన మట్టి చూపించింది. "సూడు బిడ్డా, ఎక్కువనే అయింది. మంచి జాగ."

నాకు ముచ్చటేసింది. ఆ పాత పరీక్షలో నిజంగా అర్థం ఉందని వాళ్ళకు విడమరచి చెప్పాను. గట్టి నేలలో తవ్విన మట్టి తిరిగి అదే గుంతలో పట్టదు, మిగులుతుంది. వదులు నేలైతే గుంతకే చాలదు. మేము యంత్రాలతో చేసే పనే మీరు గంపతో చేశారని అన్నాను. లస్మవ్వ ఎందుకో గొడుగు అటు తిప్పుకుంది. వీరేందర్ గారు మాత్రం కళ్ళార్పకుండా విన్నారు. నేను మట్టి గురించి మాట్లాడుతుంటే అలా విన్న మగవాడిని ఇంతవరకు చూడలేదు. హైదరాబాదులో నాతో నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషైతే "బయట నేర్చుకున్న లెక్చర్లు బయటే పెట్టు" అనేవాడు. విడాకుల కాగితం మీద సంతకం పెట్టినప్పుడు తప్ప నేను చెప్పింది అతను శ్రద్ధగా విన్నది లేదు.

మధ్యాహ్నం వీరేందర్ గారు వాచీ చూసుకుని, "చెవులు మూసుకోండ్రి, గిప్పుడు లేస్తది" అన్నారు. అన్నట్టే గనిలో బ్లాస్టింగ్ మందు పేలింది. కాళ్ళ కింద నేల ఒక్కసారి అదిరింది. నేను చెవులు మూసుకోలేదు.

26 మే

వంటింటి కిటికీ గురించి అడగడానికి వీరేందర్ గారిని ఆఫీసుకు పిలిచాను. ఫోన్లో అడగొచ్చు. కానీ ఎదురుగా కూర్చుంటేనే కొలతలు స్పష్టంగా తెలుస్తాయి.

29 మే

మెట్ల ఎత్తు గురించి అడగడానికి పిలిచాను.

2 జూన్

ఇవాళ రాలేదు. రమ్మని నేను చెప్పనూ లేదు.

9 జూన్

అమ్మ ఇవాళ బయటపడింది. ఆవకాయ జాడీలు సర్దుతూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"ఏమే సుహా, ఆ అబ్బాయి కట్టుకునేది ఇల్లా, నాగార్జునసాగరా?"

"మట్టి సంగతి తేలాలి కదమ్మా."

"మట్టి సంగతి తేలాక వేరే సంగతి తేలుస్తావేమోనని నా భయం" అంది మాణిక్యాంబ గారు. కోపం వచ్చినప్పుడు అమ్మను ఇలా పూర్తి పేరుతో రాసుకుంటే కొంచెం చల్లబడతాను.

ఆ జాడీల కింది చెక్కపెట్టె నాన్నది. అందులో నేల ఎత్తుపల్లాలు కొలిచే ఆయన డంపీ లెవెల్ ఉంది. సర్వేయర్‌గా రిటైరయ్యాక వేలంలో కొనుక్కున్నారు. ఆ పాతకాలం దుర్భిణిలో చూస్తే మనుషులు తలకిందులుగా కనిపిస్తారు. "ఇందులోంచి చూస్తే ఎంత పెద్ద ఆఫీసరైనా తలకిందులేనమ్మా" అని నవ్వేవారు. నాన్న పోయాక దాన్ని తెరిచినవాళ్ళు లేరు. జాడీలు తీసి వేరే చోట పెట్టాలి.

16 జూన్

ఇవాళ వాన. ఆయన తడిసి వచ్చారు. టీ తెప్పించాను. ప్లాను మీద మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు. ఇద్దరికీ తెలుసు. అయినా కాగితం మధ్యలో పరుచుకునే కూర్చున్నాం.

"మీది ఏ ఊరు మేడం?"

"ఇదే. గోదావరిఖని."

"గట్ల కాదు. అసలు ఊరు?"

ఈ ప్రశ్న అడగనివాళ్ళు లేరు. కంపెనీ దవాఖానలో పుట్టాను, ఇక్కడి బడిలో చదివాను, అయినా నా నోట్లోంచి నాలుగు మాటలు రాగానే అసలు ఊరు అడుగుతారు. నాన్నది తెనాలి వైపు అని చెప్పాను. తెనాలికి వెళ్తే అక్కడి చుట్టాలు "మీ సింగరేణి వైపు ఎలా ఉందమ్మా" అంటారని కూడా చెప్పాను.

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టారు. "మీకన్న రెండు ఊర్లున్నయ్ మేడం. మాకు ఉన్న ఒక్కటి పోయింది. మంగపల్లె. ఊరు ఉన్నకాడ ఇప్పుడు బొంద ఉన్నది. నేను అండ్లనే డ్యూటీ చేస్తున్న."

"మీ ఊళ్ళోనా?"

"ఆ. మా ఇల్లు ఉన్న జాగ మీదికెళ్ళే డంపర్ తోలేటోన్ని. మొదట్ల దినాం పరేషాన్ అయ్యేది. ఇప్పుడు ఇంకా లోతు వోయినం. ఇల్లు ఎక్కడ ఉండెనో నాకే సమజ్ కాదు. పైకి సూస్తే ఆకాశం ఉంటది."

బిస్కట్ల ప్లేటు ఆయన వైపు జరిపాను. ఎంత తెలివితక్కువ పని! ఇంటికొచ్చాక అన్నం సహించలేదు.

17 జూన్

నాకు అతను కావాలి.

రాసి చూసుకున్నాను. కొట్టేయడం లేదు.

30 జూన్

ఆయనకు భూపాలపల్లి గనికి బదిలీ అవకాశం వచ్చిందట. అక్కడ క్వార్టర్ ఇస్తారు, కూతురి హాస్టల్ దగ్గరవుతుంది. ఆగస్టు ఆఖరులోపు వస్తాననో రాననో చెప్పాలట.

"మీరేం చెబుతారు?"

"ఇల్లు సురువైతే ఈన్నే ఉంట. మా అవ్వ ఈ జాగ ఇడిచిపెట్టి రాదు. ఇల్లు కానేకాదంటే అప్పుడు ఎట్లనన్న ఒప్పిచ్చి తోలుకపోవాలె. అంతా మీ చేతిల ఉన్నది మేడం."

బోరు పని ఇన్నాళ్ళూ ఎందుకు వాయిదా వేశానో నాకు తెలుసు. రిపోర్టు వస్తే ఆయన రావడానికి కారణం ఉండదని. ఇప్పుడు రిపోర్టు రాకపోతే ఆయనే ఉండరు. బోరు వేసే జైపాల్‌కు సాయంత్రమే ఫోన్ చేశాను.

7 జూలై

బోరు దించాం. అరవై మూడున్నర కిలోల బరువును ఎత్తి గొట్టం నెత్తిన వదిలి, అడుగు లోపలికి దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతాం. తక్కువ దెబ్బలకే దిగితే మెత్తటి నేల. ఎంత కొట్టినా దిగకపోతే దాన్ని మా వాళ్ళు రిఫ్యూజల్ అంటారు. ఎక్కడైనా కాదంటే బాధపడతాం, మా పనిలో మాత్రం సంబరపడతాం.

పైన ఒకటిన్నర మీటరు అదే ఎర్రమట్టి, సున్నపు గుండ్లు. తర్వాత వదులుగా ఏదో బూడిదరంగు మట్టి. మూడు మీటర్ల దగ్గర బరువు ఠంగుమని ఎగిరింది. జైపాల్ చెయ్యెత్తి అరిచాడు.

"రిఫ్యూజ్ కొట్టింది మేడం! బండనే!"

వీరేందర్ నా వైపు చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. ఇసుకరాతి ముక్కలు పైకి వచ్చాయి. ఈ చుట్టుపక్కలంతా ఇసుకరాయే.

పద్ధతి ప్రకారం రాయి తగలగానే ఆగకూడదు. వజ్రపు ముక్కు బిట్టుతో రాతిలోకి ఇంకో మూడు మీటర్లు కోసుకుంటూ దిగి, అది కింది నుంచి ఉన్న బండేనా, మట్టిలో ఇరుక్కున్న విడిరాయా తేల్చుకోవాలి. ఇంకో చోట రెండో బోరు కూడా వేయాలి. జైపాల్ దగ్గర ఆ బిట్టు లేదు, వరంగల్ నుంచి తేవాలి. "ఒక్క అంతస్తు ఇంటికి గింత కథ ఎందుకు మేడం" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. అనిపించిందా, అనిపించుకున్నానా?

8 జూలై

రాయే.

10 జూలై

రాయి కాక ఇంకేముంటుంది? పైన ఉన్నది పోసిన మట్టే కావచ్చు, పల్లపు ప్లాట్లలో అందరూ ఓ మీటరో రెండో గని మట్టి పోయించుకుంటారు. దాని కింద బూడిదరంగుది పుట్టునేల, మొదటినుంచీ ఉన్నది. పుట్టునేల కింద రాయి. లెక్క సరిపోయింది.

14 జూలై

రిపోర్టులో రాశాను: మూడు మీటర్ల వద్ద రాయి, ఒక్కో స్తంభం కింద విడి ఫుటింగులు చాలు. సంతకం చేశాను. ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

"అయితే భూపాలపల్లి వద్దని చెప్తా మేడం. శ్రావణంల ముగ్గు వోసుకుంటం. మీరు రావాలె. మొదటి గడ్డపార మీతోనే కొట్టిపిస్త అంటున్నది మా అవ్వ."

28 జూలై

వంటింటి కిటికీ తూర్పుకు మార్చాను. ఇంత చిన్న ఇంటిని నేనెప్పుడూ ఇన్నిసార్లు గీయలేదు. వరండాలో రెండు కుర్చీలు పట్టే చోటు పెట్టాను. ప్లానులో కుర్చీలు గీయడం నా అలవాటు కాదు.

అమ్మ వెనకనుంచి చూసి, "రెండో కుర్చీ ఎవరిదే" అంది. మాణిక్యాంబ గారికి కళ్ళు కనబడవని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది నేనే.

11 ఆగస్టు

ముగ్గు పోసే రోజు. అంతా రాస్తాను, రాయకపోతే నిద్ర రాదు.

పొద్దున్నే వెళ్ళాను. పంతులు గారు, దగ్గరి చుట్టాలు, మేస్త్రీ. నా డ్రాయింగ్ ప్రకారం నాలుగు మూలలా మేకులు దిగగొట్టి, తాళ్ళు కట్టి, తాళ్ళ వెంబడి ముగ్గు పోశారు. కాగితం మీది ఇల్లు తెల్లటి గీతలై నేలమీద కనిపించింది. వరండా గీత దగ్గర నేను కొంచెం ఎక్కువసేపే నిలబడ్డాను. వీరేందర్ తెల్లచొక్కా వేసుకున్నాడు. నన్ను చూసి, "మంచిగున్నదా మేడం మన ఇల్లు" అన్నాడు. మన అని ఇక్కడ అందరూ అందరితో అంటారు. తెలుసు.

ముహూర్తానికి కొంచెం టైముంది. లస్మవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. పిడికెడు మన్ను తీసి నా అరచేతిలో పోసింది.

"ఇది ఉత్త జాగ కాదు బిడ్డా. ఇది మా మంగపల్లె."

"అంటే?"

"మా ఊరు తవ్వుతాంటె మా ముసలోడు పోశం ఆగమాగమైండు. టిప్పర్లోల్లను బతిమిలాడి, పోశమ్మ గద్దె కాడి మన్ను, మా ఇంటి వాకిట్ల మన్ను, అంతా తెచ్చి గిండ్ల పోయిచ్చిండు. నువ్వు సచ్చిపోతె కూడ మన ఊర్లనే ఉన్నట్టు లస్మీ అన్నడు. అటెన్క జాగ మా పేర రాపిచ్చిండు. ఆయిననే ముందు వోయిండు."

ఆమె ముఖంలో ఎంత గర్వం! నేనేమో చేతిలోని సున్నపు గుండ్లు చూస్తున్నాను. మొదటిరోజు వీరేందర్ చెత్తబుట్టలో వేయకుండా చంకలో పెట్టుకుపోయిన మట్టి ఇది.

"పైన ఒక మీటరు పోయించారా అవ్వా?"

"మీటరేంది బిడ్డా! ఇది ఇటుక బట్టీలోల్ల బొంద. ఏనుగును దించితె కనవడకపోవు. టిప్పర్లు ఎండకాలమంతా పోసినయ్. పే...ద్ద బండలు సుత పడ్డయ్ అండ్ల. మా పొరగానికి మన్ను సంగతి ఎరుకే గని, బొంద ఎంత లోతో తెల్వది."

అడగాలని లేదు. అడిగాను. "అవ్వా, ఆ రోజు మోకాలి లోతు గుంత తవ్వి పూడ్పించారు కదా. నిజంగా మన్ను మిగిలిందా?"

లస్మవ్వ చిన్నపిల్లలా నవ్వి, చుట్టూ చూసి నా చెవిలో చెప్పింది. "తక్కువ వడ్డది బిడ్డా. మా పొరగాడు జాగ వద్దంటడని, ఇంటెన్కకెళ్ళి ఒక గంప మన్ను తెచ్చి కలిపిన. ఎవ్వలకు చెప్పకు."

ఆవిడ కలిపింది ఒక గంప. నేను కలిపింది మూడు మీటర్ల లోతున ఒక రాయి. పైగా నాది సంతకం పెట్టి కలపడం.

పంతులు గారు గడ్డపార నా చేతికిచ్చారు. అందరూ చూస్తున్నారు. ఆ గడ్డపార కొడితే రేపు మేస్త్రీ తవ్వుతాడు, ఆయన ఇక్కడే ఉంటాడు, వరండా లేస్తుంది. ఒక మూల విడిరాయి మీద నిలబడుతుంది. మిగతా మూడు మూలలు వదులు మట్టిలోకి ప్రతి వానాకాలం కొంచెం కొంచెం దిగుతాయి. గోడలు చీలతాయి. ఆ గోడల కింద ఈ ముసలమ్మ పడుకుంటుంది, సెలవులకు వచ్చిన పిల్ల పడుకుంటుంది, ఆయన పడుకుంటాడు.

గడ్డపార నేలమీద పెట్టేశాను.

"వీరేందర్ గారూ, ఇవాళ వద్దు. నా రిపోర్టు తప్పు."

మగవాళ్ళంతా ఒక్కసారి మాట్లాడారు. ముహూర్తం మించిపోతుందని పంతులు గారు, గిదేం ఇంజనీరమ్మని చుట్టాలు. తన మాటల వల్లే జరిగిందని అర్థమై, లస్మవ్వ నా పక్కనుంచి జరిగిపోయింది. వీరేందర్ వంగి గడ్డపార తీసి, మేస్త్రీకి ఇచ్చేశాడు.

12 ఆగస్టు

ఆయన ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

18 ఆగస్టు

జైపాల్ వరంగల్ నుంచి బిట్టు తెచ్చాడు. ఖర్చు నాది. మొదటి బోరులోనే రాతిని కోశాం. ముప్పావు మీటరు మందం. దాని కింద మళ్ళీ వదులు మట్టి. పది అడుగులు పక్కకు జరిగి రెండో బోరు వేశాం. అక్కడ బరువు పడీ పడగానే గొట్టం దిగిపోతోంది. జైపాల్‌కు ఈసారి అరిచే పని పడలేదు. తొమ్మిది మీటర్ల కింద గాని అసలు నేల తగల్లేదు.

మధ్యలో ఒకసారి గొట్టంలో మట్టితోపాటు ఎర్రటి ముక్క వచ్చింది. కడిగి చూస్తే ఇంటి కప్పు గూనపెంకు. ఆయన అప్పుడు అక్కడే ఉన్నాడు. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, జేబులో వేసుకున్నాడు.

"మా ఇంటిదే అనుకుంట" అన్నాడు. ఊళ్ళో అన్ని ఇళ్ళకూ అవే పెంకులు ఉండి ఉంటాయి. నేనా మాట అనలేదు.

19 ఆగస్టు

ఆఫీసుకు వచ్చాడు. అన్నీ చెప్పాను. పైల్స్, అంటే కాంక్రీటు స్తంభాలు, దించి తొమ్మిది మీటర్ల కింది నేల మీద నిలబెట్టవచ్చు, కానీ ఇంటికన్నా పునాదికే ఎక్కువ ఖర్చవుతుంది. డంపర్ ఆపరేటర్ జీతంతో అయ్యే పని కాదు. పోసిన మన్ను తన బరువుకు తానే సర్దుకుంటుంది, అంతవరకు దానిమీద బరువు మోపకూడదు.

"ఎన్నేండ్లు పడుతది?"

"చెప్పలేను. కోడ్ పుస్తకాల్లో సంవత్సరాలు రాసి ఉండవు. కొలుస్తూ ఉండాలి."

"మరి మొదట రాయి అని ఎందుకు రాసిండ్రు మేడం?"

అడుగుతాడని తెలుసు. బిట్టు లేదని చెప్పొచ్చు. జైపాల్ మీద నెట్టేయొచ్చు.

"మీరు భూపాలపల్లి పోకూడదని" అన్నాను.

బయట ఆటోవాడెవడో హారన్ కొడుతూనే ఉన్నాడు. నేను నా టేబుల్ మీది స్కేలు కేసి చూస్తూ కూర్చున్నాను. ఆయన లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"గడ్డపార కింద పెట్టింది సుత మీరే. నేను సూసిన."

అంతే అన్నాడు. కోపమో కాదో తెలియలేదు.

30 ఆగస్టు

బదిలీకి ఒప్పుకున్నాడట. లస్మవ్వ ఫోన్ చేసి చెప్పింది. జాగా మాత్రం అమ్మరట. "మా ముసలోడు పోసిన మన్ను ఎట్ల అమ్ముత బిడ్డా? నువ్వు గంప సంగతి చెప్పలేదు కదా వానికి?" చెప్పలేదు. నా గంప సంగతి మాత్రం చెప్పానని నేనూ అనలేదు.

8 సెప్టెంబర్

వాళ్ళు వెళ్ళేముందు జాగాలో ఒక పని చేశాను. సన్న కాంక్రీటు దిమ్మె మధ్యలో ఇనుప చువ్వ పాతి, రోడ్డు కల్వర్టు మీది గుర్తుతో పోల్చి దాని ఎత్తు రాసుకున్నాను. కల్వర్టు అసలు నేల మీద ఉంది, కదలదు. ఇకనుంచి వానాకాలం అయిపోయాక చూస్తే, ఏడాదిలో ఈ నేల ఎంత దిగిందో తెలుస్తుంది. జాడీలు దించి నాన్న పెట్టె తెరిచింది ఇందుకే. అద్దాలు ఇంకా బాగున్నాయి.

స్కేలు కర్ర నిలువుగా పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. ఆయన పట్టుకున్నాడు.

"అచ్చే ఏడు గుడ మనిషి కావాలె కదా" అన్నాడు, కర్ర మడుస్తూ.

"మేస్త్రీ ఎవరినైనా పిలుచుకుంటాను."

"జాగ మాది. మన్ను మాది. మేస్త్రీ ఎందుకు?"

సామాను లారీ కదిలాక ఇంటికొచ్చి పడుకున్నాను. అమ్మ మంచం మీద పక్కన కూర్చుని తల నిమిరింది.

3 నవంబర్

ఈ మధ్య రాయడానికి ఏమీ లేదు. డ్రాయింగులు వేస్తున్నాను. ప్రతి పార్టీకీ రెండు బోర్లు తప్పనిసరి అంటుంటే, ఈమెకు చాదస్తం పట్టిందని అనుకుంటున్నారు.

14 జనవరి 2025

కమాన్‌పూర్ రోడ్డు వైపు పనేమీ లేదు. అయినా అటే వెళ్ళొచ్చాను. ముగ్గు గీతలు ఎప్పుడో కొట్టుకుపోయాయి. దిమ్మె ఉంది.

22 జూలై

భూపాలపల్లిలో భారీ వర్షమని టీవీలో చెప్పారు. అమ్మ రిమోట్ నా చేతికిచ్చి లోపలికి వెళ్ళింది.

23 జూలై

అక్కడ వాన పడితే ఇక్కడి మన్ను దిగదు. నాకు తెలుసు. అయినా ప్రతి వానకూ లెక్కేస్తున్నాను.

12 అక్టోబర్ 2025

వానలు వెళ్ళిపోయాయి. వస్తాడో రాడో అడగలేదు. "ఆదివారం లెవెల్ చూస్తున్నాను" అని మాత్రం మెసేజ్ పెట్టాను. జవాబు రాలేదు. నాన్న పెట్టె ఆటోలో వేసుకుని వెళ్ళేసరికి, బైకు మీద భూపాలపల్లి నుంచి వచ్చి, దిమ్మె పక్కన గడ్డి పీకుతూ కూర్చుని ఉన్నాడు. జుట్టులో కొంచెం తెలుపు వచ్చింది. నాకూ వచ్చింది.

"అవ్వ మంచిగున్నదా?"

"మంచిగున్నది. గూనపెంకు దేవుని కాడ పెట్టుకున్నది. మీకు చెప్పమన్నది."

లెవెల్ స్టాండ్ మీద బిగించాను. ముందు కల్వర్టు మీద కర్ర పట్టాడు, రాసుకున్నాను. తర్వాత దిమ్మె మీద చువ్వపై కర్ర నిలబెట్టి పట్టుకున్నాడు. కన్ను దుర్భిణికి ఆనించాను. తలకిందులుగా ఉన్నాడు. ఆకాశం అడుగున, నేల పైన. తన ఊరి మన్ను నెత్తిన పెట్టుకున్నట్టు, కదలకుండా, నా వైపే చూస్తూ.

అంకె వెంటనే కనిపించింది. ఏడాదిలో బొటనవేలి మందం దిగింది. ఇంకా దిగుతుంది.

"ఎంతొచ్చింది మేడం? సర్దుకున్నదా?"

కన్ను తీయలేదు.

"ఇంకా లేదు. కదలకుండా అట్లనే పట్టుకోండి" అన్నాను.

అట్లనే పట్టుకున్నాడు.